గడప దాటని ముద్ద

రండి, ఇటు నా పక్కకు జరగండి. చాప మీద చోటుంది, గోడకు ఆనుకుని కూర్చోండి. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు. దూరంగా కూర్చుంటే సగం మాటలు వీధిలో ఆటోల మోతకే పోతాయి.

నా దోస్తు గురించి చెబుతాను. ఆమె పోయి ఏడాది దాటింది. స్నేహితురాలు అనే మాట పుస్తకాల్లో బాగుంటుంది గానీ మా పాతబస్తీలో ఆడవాళ్ళమైనా దోస్తులమే. పేరు మాత్రం చెప్పను. పేరు చెప్పగానే అది ఏ మతం పేరా అని మనసు వెతుక్కుంటుంది. ఎవరైనా ఆమెను ఆ మాట అడిగితే, "కూసో, చాయ్ తాగుకుంట చెప్త, శాన పెద్ద ముచ్చట" అనేది. నిజంగానే పెద్ద ముచ్చట.

ఆమె మా ఉప్పుగూడ గల్లీలోనే పుట్టింది. నేను ఆ గల్లీకి కోడలిగా వచ్చినదాన్ని, కాబట్టి పుట్టుక సంగతులు నాకు తెలిసింది వినే. కాన్పు కాగానే వాళ్ళమ్మకు బాలింత జ్వరం పట్టుకుందట. పాలు పడలేదు. గల్లీ మలుపులో ఆకుపచ్చ తలుపున్న ముసల్మానుల ఇల్లు ఒకటుంది. ఆ ఇంటి తల్లికీ అప్పుడే కొడుకు పుట్టి ఉన్నాడు. ఎవరూ పిలవకుండానే వచ్చి, ఈ పిల్లను కొంగులో చుట్టుకుని వాళ్ళింటికి తీసుకుపోయిందట. వాళ్ళమ్మ లేచి తిరిగేదాకా ఇద్దరు పిల్లలకూ ఆమె పాలే.

ముసల్మానుల్లో దానికొక లెక్క ఉంది. ఒకే తల్లి పాలు తాగినవాళ్ళు తోడబుట్టినవాళ్ళతో సమానం. ఆ ఇంటి మగపిల్లల ముందు ఈమెకు పరదా లేదు, ఆ ఇంటి వంటగదిలోకి వెళ్ళడానికి అడ్డు లేదు. ఆ తల్లి పెద్దకూతురిని మేమంతా ఆపా అంటాము. తమ్ముడితో పాటు ఈ పిల్లను కూడా చంకనెత్తుకుని తిప్పిన మనిషి. మా దోస్తును ఆమె ఎప్పుడూ "ఛోటీ" అనే పిలిచింది. తలకు రంగేసుకునే వయసొచ్చినా ఛోటీయే.

ఆపా ఇంటి ముందుగదిలో మగ్గం ఉండేది. నేత మగ్గం కాదు, చీరల మీదా జాకెట్ల మీదా జరీ పని చేసే కొయ్య చట్రం. గుడ్డను నాలుగువైపులా బిగించి కడితే మేము ఇటూ అటూ కూర్చుని సూదిపని చేసేవాళ్ళం. పత్తర్‌గట్టి దుకాణాల నుంచి గుడ్డలు వచ్చేవి. ఎక్కడో ఎవరి పెళ్ళికో వెళ్ళే పూలూ నెమళ్ళూ మా చేతుల కింద లేచేవి. నాకు ఆ ఇద్దరూ దగ్గరైంది ఆ చట్రం చుట్టూనే. తల వంచుకుని పని చేస్తుంటే మాట దానంతటదే వస్తుంది కదా.

ఆమెకు పెళ్ళయింది. కొన్నేళ్ళకు మొగుడు ఇంకొక ఆమెతో వెళ్ళిపోయాడు. పిల్లలు లేరు. తిరిగి తల్లిగారింటికి వచ్చి, ఆటో నడిపే తమ్ముడి పక్కగదిలో ఉండిపోయింది. వచ్చిన కొత్తలో మాట్లాడేది కాదు, మగ్గం దగ్గరికి కూడా రాలేదు. ఆపా వెళ్ళి పిలిచింది, నేను వెళ్ళి పిలిచాను. తలుపు తీసేది కాదు. అప్పుడు రైలుపట్టాల అవతల ఒక చిన్న చర్చి నుంచి ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళు తలుపు తీయమని అడగలేదు. అరుగు మీద కూర్చుని పాట పాడుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మళ్ళీ వచ్చేవాళ్ళు. ఒకరోజు లోపలి నుంచి కూడా పాట వినబడిందని తమ్ముడు చెప్పాడు. అట్లా ఆమె చర్చికి పోవడం మొదలైంది. తర్వాత బాప్తిస్మం కూడా తీసుకుంది.

అది అయిన కొద్దిరోజులకే ఆషాఢం వచ్చింది. బోనాలు. ఈమె పొద్దున్నే కుండకు సున్నం, పసుపు పూసి ఆరబెట్టుకుంటోంది.

"ఏందే, నీళ్ళల్ల మునిగొచ్చినవ్. మల్ల బోనమెత్తుతవా?" అన్నాను.

"ఎత్తనా మరి? మా అమ్మ ఎత్తింది, మా అవ్వ ఎత్తింది. నేను ఏసయ్య దగ్గరికి పోయిన్నని వాళ్ళనెందుకు ఇడిసిపెడ్త వదినా?"

"మీ చర్చి అయ్యగారు ఊకుంటరా?"

"ఆయిననడిగి మునిగిన. గిదడగలే."

ఆపా మగ్గం మీది నుంచి తలెత్తకుండానే మఖ్మల్ గుడ్డలో మిగిలిన ముక్కను ఆమె వైపు విసిరింది. "తీస్కో ఛోటీ. నెత్తి మీద చుట్ట మెత్తగుండాలె. పోయినసారి బట్ట గట్టిగ కట్టినవ్, వారం రోజులు మెడ పట్టుకోని నా జాన్ తిన్నవ్."

నవ్వాము. నవ్వు వేరు, నడవడి వేరు. గుడి, చర్చి, ఆపా ఇల్లు, మూడుచోట్లా అన్నం ముందు కూర్చునే పద్ధతులు మూడు రకాలు. అవి ఆమెను ఒకసారి బాగా తడబెట్టాయి.

అమ్మవారి గుడి సంగతి మనకు తెలిసిందే. బోనంలో అన్నం సగం తల్లికి పెట్టి మిగతాది ఇంటికి తెచ్చి పంచాలి. ఒక్కతే తింటే తప్పు. చర్చిలో ప్రభువు బల్ల అని ఉంటుంది. రొట్టెముక్క, ద్రాక్షరసం ఇస్తారు. బాప్తిస్మం పొందినవాళ్ళు అక్కడే తీసుకోవాలి. ఆమె మొదటిసారి ఆ రొట్టె అందుకున్నప్పుడు సగం నోట్లో వేసుకుని, మిగతా సగం కొంగున ముడేసుకుంది. పాస్టరుగారి భార్య చూసింది. పాస్టరుగారిది కోస్తా వైపు. ఏదో గవర్నమెంటు ఆఫీసులో పనిచేస్తూ ఆదివారాలు సంఘం నడిపేవారు, మెత్తని మనిషి.

"ఏంటమ్మా ఆ ముడి?" అని ఆయనే అడిగారట.

"మా వదినెకు, మా ఆపకు అయ్యగారు. ప్రసాదం ఒక్కదాన్నే ఎట్ల తింట?"

చర్చిలో అందరూ తిరిగి చూశారట. ఆయన ఆమెను మందలించలేదు. "ఇది ఇంటికి తీసుకెళ్ళేది కాదమ్మా. ఎవరికి వాళ్ళు వచ్చి తీసుకోవాలి" అని ఆ ముక్క అక్కడే తినిపించారు. ఆమె మగ్గం దగ్గర ఈ సంగతి చెప్పుకుని, "నాకు సిగ్గయింది వదినా. మీకు తెద్దామంటే మీరు రావాలెనంట" అంది.

"మా కూండే గూడ అట్లనే కదా" అంది ఆపా.

ఆ కూండే గురించి చెబితేగానీ నా కథ ముందుకు పోదు. ముసల్మానుల రజబ్ నెలలో చేస్తారు. కూండా అంటే మట్టి మూకుడు. పెద్దలను తలచుకుని, కొత్త మూకుళ్ళలో ఖీరు, తియ్యటి పూరీలు పెట్టి, ఫాతిహా ప్రార్థన చదివించి, వచ్చినవాళ్ళకు పెడతారు. ఇల్లంతా కడిగి తెల్లగుడ్డ పరుస్తారు. హిందువులనూ పిలుస్తారు, నేను ఏటా వెళ్ళేదాన్ని. దానికొక కట్టుబాటు ఉంది. ఏ కప్పు కింద ఫాతిహా అయిందో ఆ కప్పు కిందే కూర్చుని తినాలి. ఒక్క తునక కూడా గడప దాటకూడదు. తిన్న చేతులు తస్లా గిన్నెలో కడిగించి ఆ నీళ్ళు కూడా మురికికాలవలో పొయ్యరు, చెట్టు మొదట్లో పోస్తారు. రానివాళ్ళకు డబ్బాలో పెట్టి పంపడం లేదు. తినాలంటే రావాలి.

తిరుగాడే కాళ్ళున్నప్పుడు అదేం పెద్ద మాట కాదు.

కిందటేడు చలికాలానికి ఆమె మంచానికి అతుక్కుపోయింది. కడుపులో గడ్డ. పెద్దాసుపత్రిలో చూసినవాళ్ళు ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. జావ, నీళ్ళు, అంతకన్నా లోపలికి పోయేది కాదు. నేను పగలంతా ఆమె దగ్గరే ఉండేదాన్ని. ఆమె బాధ గురించి మాట్లాడేది కాదు. ఒకటే అడిగేది, "వదినా, రజబ్ ఎన్నడు?"

అమ్మవారి బొట్టు ఆమె మంచం దగ్గరికే వచ్చింది, తమ్ముడి భార్య, ఆమె మరదలు, గుడి నుంచి తెచ్చి పెట్టింది. ప్రభువు బల్ల కూడా మంచం దగ్గరికే వచ్చేది. జబ్బుపడినవాళ్ళకు పాస్టరుగారు ఇంటికి తెచ్చి ఇవ్వవచ్చట. ఇంటికి రానిది కూండా ఒక్కటే. ఆమె అక్కడికి పోతే తప్ప అందదు. ఆమెకు అదే పట్టుకుంది. తాను పాలు తాగిన ఇంట్లో, ఆపా చేతి ముద్ద, ఒక్కసారి.

తమ్ముడు ఒప్పుకోలేదు.

"అక్కా, నిన్ను మంచం మీంచి లేపితేనే పానం గుంజుకపోతది. గాడ ఏమన్నయితే?"

"ఏమన్నయితే ఏందిరా? నా ఇల్లే గదా."

"నీ ఇల్లే, నాకెర్కే. లోకానికెర్కనా? రేపు ఎవడో ఫోన్ల పెడ్తడు. వాళ్ళింట్ల, వాళ్ళ తిండి తిని సచ్చిపోయిందని. గప్పుడు ఆపాను ఎవరు కాపాడాలె? నువ్వుంటవా?"

తమ్ముడు కోపంతో అన్న మాట అయితే ఆమె తిట్టి పంపేది. ఆపా మేలు కోరి అన్న మాట అది. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు జావ కూడా ముట్టలేదు.

నేను ఆపా దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆపా కొడుకు, పెళ్ళీడు పిల్లాడు, అక్కడే ఉన్నాడు. అతనూ అదే అన్నాడు, "అమ్మీ, ఆయన చెప్పింది తప్పు కాదు. జమానా ఖరాబుంది. ఏమన్నా జరిగితే మన తలుపు ముందే నిలబడతరు అందరు."

ఆపా సూదిని గుడ్డకు గుచ్చి పెట్టింది. తర్వాత, "మా అమ్మీ ఆ పిల్లను ఎత్తుకొచ్చిననాడు బతుకుతదని ఎవరన్న జమానత్ ఇచ్చిన్రా?" అంది. "మా పాల మీద ఉండంగ సచ్చిపోతే ఆ రోజు మాత్రం లొల్లి కాదా? అయినా తెచ్చింది. ఆమెను రమ్మను. ఇది నా ఇల్లు, నేను చెప్తున్న."

ఆపా రమ్మన్నా తమ్ముడి భయం తీరలేదు. నేను ఇటూ అటూ తిరిగాను. కూండే దగ్గరపడుతోంది, ఆమె ఊపిరి తగ్గుతోంది. కూండే ముందొస్తుందో, ఊపిరే ముందు ఆగుతుందో తెలియదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పాస్టరుగారు రొట్టె, ద్రాక్షరసం తీసుకుని వచ్చారు. రొట్టెను రసంలో నాన్చి ఆమె పెదవులకు తాకించారు. ప్రార్థన అయ్యాక ఆమె కళ్ళు తెరిచి, "అయ్యగారు, ఒకటడుగుత, నిజం చెప్పున్రి" అంది. కూండే సంగతి చెప్పింది.

ఆయన ముఖం వాడిపోయింది. "అమ్మా, నా నోటితో వెళ్ళమని నేను చెప్పలేను. అది నా నమ్మకం, మీకు తెలుసు."

"ఎర్కే. పొమ్మని చెప్పుమంట లేను. పోతే నన్ను ఇడిసిపెడ్తరా? గదొక్కటి చెప్పున్రి."

ఆయన చేతిలో ఉన్న చిన్న గిన్నెను గుడ్డతో తుడుస్తూ ఉండిపోయారు. తుడిచిందే తుడిచారు. నేనైతే ఆయన లేచి వెళ్ళిపోతారనుకున్నాను. చివరికి తమ్ముడి వైపు తిరిగి, "ఎలా తీసుకెళ్తారు బాబూ?" అని అడిగారు.

"మంచం తిరగదండీ ఆ మలుపుల. కుర్చీల కూసోవెట్టాలె. కానీ నేనే వద్దంటున్న."

"కుర్చీ అయితే ఇద్దరుండాలి. ఒక పక్క నేను పడతాను. ఆఫీసుకు సెలవు పెట్టుకుంటాను."

తమ్ముడు ఆయన ముఖంలోకి చూశాడు. "అయ్యగారు, మీరా?"

"నేను తినను. అది వేరే సంగతి. ఎవరైనా ఫోన్లో పెడితే మీతో పాటు నన్నూ పెడతారు కదా. మీరూ, నేనూ, ఆపాగారూ, ముగ్గురం కలిసి ఉంటే ఒకళ్ళ మీద నింద వెయ్యడం కష్టం."

తమ్ముడు బయటికి వెళ్ళి ఆటో దగ్గర నిలబడ్డాడు. లోపలికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సరేనక్కా," అన్నాడు, "గానీ స్వెట్టర్ ఏస్కోవాలె."

కూండే పొద్దున చలి బాగా ఉంది. ఆమెకు నేను తల దువ్వాను, మరదలు మంచి చీర కట్టింది. చీరలో మనిషి లేనట్టే ఉంది. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో దుప్పటి వేసి కూర్చోబెట్టి, పడిపోకుండా నడుముకు ఓణీ కట్టాము. ఒకవైపు తమ్ముడు, ఒకవైపు పాస్టరుగారు. నేను ముందు నడిచాను. ఇడ్లీబండి అతను అడగకుండానే బండి పక్కకు జరిపాడు. మెట్ల మీద పళ్ళు తోముకునేవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదు.

ఆమె అంది. "అరేయ్, మెల్లగ. పెండ్లినాడు గూడ నన్ను గింత ఇజ్జత్‌తోని తీస్కపోలే."

ఆకుపచ్చ తలుపు దగ్గర మెట్టు ఎత్తుగా ఉంటుంది. అక్కడ వాళ్ళిద్దరూ ఆగిపోయారు. లోపలి నుంచి ఆపా కొడుకు వచ్చాడు. వంగి, కుర్చీ ముందుకాళ్ళు రెండూ పట్టుకుని గడప దాటించాడు.

లోపల తెల్లగుడ్డ చుట్టూ అప్పటికే ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఊదు పొగ. ఆపా ఆమె కుర్చీని గుడ్డ అంచుకు జరిపించింది. బయట వరండాలో పాస్టరుగారు స్టూలు మీద కూర్చున్నారు. ఆపా ఆయనకు చాయ్ పంపిస్తూ, "ఇది ఫాతిహా చదివిన నియాజ్‌ది కాదు సాబ్, మా ఇంటి పొయ్యి మీది చాయ్. తాగున్రి" అని కబురు పెట్టింది. ఆయన తాగారు.

ఆపా పూరీని గోరంత తుంచి, ఖీరులో నానబెట్టి, ఆమె నోట్లో పెట్టింది.

ఆమె నమిలింది. నమిలినట్టు దవడ కదిలింది. గొంతు మాత్రం కదల్లేదు. మేము చూస్తున్నాము. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అది ఏడుపో నొప్పో తెలియదు. ముద్ద లోపలికి పోవడం లేదు.

"తస్లాలో ఉమ్మేయ్ ఛోటీ," అంది ఆపా మెల్లగా. "గునా లేదు, పాపం తగలదు. నువ్వొచ్చినవ్, అదే చాలు."

ఆమె వద్దన్నట్టు తల ఊపింది. నోట్లో ముద్ద ఉండగా ఆమెను లేపి తీసుకుపోలేము, అది గడప దాటినట్టే. కాబట్టి కూర్చున్నాము. తింటున్న ఆడవాళ్ళు చేతులు ఆపేశారు. తర్వాత వచ్చినవాళ్ళు తలుపు దగ్గరే నిలబడిపోయారు. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది. ఆపా ఆమె వీపు మీద చెయ్యి వేసి, చంటిపిల్లకు నిమిరినట్టు పైనుంచి కిందికి నిమురుతూ ఉంది. తమ్ముడు గోడకు ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. నేను నా జీవితంలో అంత మంది ఒక మనిషి గొంతు వైపే చూస్తుండడం చూడలేదు.

గొంతు కదిలింది. ఒకసారి ఆగి, మళ్ళీ కదిలింది.

ఆమె నోరు తెరిచి ఆపాకు చూపించింది. ఆపా వంగి లోపలికి చూసింది. మందు మింగానని పిల్లలు చూపిస్తే తల్లులు చూస్తారే, అట్లా. "షాబాష్," అంది. కొంగుతో ఆమె మూతి తుడిచింది. "ఇంకొకటి?"

"బస్ ఆపా," అంది నా దోస్తు. "ఇంకొకటంటే పొద్దుగూకేదాక ఈళ్ళందరు ఈడనే కూసోవాలె."

అప్పుడు అందరూ నవ్వారు, ముక్కులు తుడుచుకుంటూ. ఆపా తస్లా తెచ్చి, ఏమీ అంటని ఆ చేతులనే వేలు వేలునా కడిగింది.

ఆ వారంలోనే ఆమె పోయింది, తమ్ముడి ఇంట్లో, నిద్రలో.

ఎట్లా సాగనంపాలి అన్న మాట వచ్చింది. ఇన్నాళ్ళూ ఆమె నవ్వుతూ దాటేసిన ప్రశ్న ఇప్పుడు ఆమె తలదగ్గరే వచ్చి కూర్చుంది. పాస్టరుగారు తమ్ముడితో, "పెట్టె తెప్పించమంటే తెప్పిస్తాను బాబూ. వద్దంటే నాకు కోపం లేదు" అన్నారు. ఆపా, "మట్టి చేసుడు మీద నేను హక్కడగను. స్నానం మాత్రం నేను పోస్త. చిన్నప్పుడు పోసిన" అంది. ఇద్దరూ తగ్గి మాట్లాడారు. ఆ తగ్గడం చూసి తమ్ముడికి ధైర్యం వచ్చింది.

"మా ఇంట్ల పూడ్చుడే రివాజు," అన్నాడు. "మా అమ్మ పక్కకు వెడ్త. మీరు అక్కడికొచ్చి మీ ప్రార్థన చెయ్యున్రి అయ్యగారు."

అట్లాగే అయింది. ఆపా, మరదలు, నేను స్నానం పోశాము. పాడెకు ఒక భుజం తమ్ముడిది, ఒక భుజం పాస్టరుగారిది, ఒక భుజం ఆపా కొడుకుది, ఇంకొకటి మా ఆయనది. సంఘంలో ఒకరిద్దరు గొణిగారట, గల్లీలోనూ ఒకరిద్దరు గొణిగారు. గొణుగుడు గొణుగుడుగానే పోయింది. కుర్చీ మోసుకుపోవడం అందరూ చూసినదే కదా, కొత్తగా చెప్పుకోవడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

మళ్ళీ రజబ్ వచ్చింది. నాకు వెళ్ళాలని లేదు. పొద్దున ఆపా బురఖా వేసుకుని, తానే నడిచి మా వైపు వచ్చింది. నన్ను పిలవడానికి కాదు, నన్ను పిలవాల్సిన పని లేదు. తమ్ముడి తలుపు కొట్టింది. ఇన్నేళ్ళలో ఆ పిలుపు అక్కకే గానీ అతనికి ఎప్పుడూ రాలేదు, అతనూ ఎప్పుడూ ఆశించలేదు.

అతను భార్యను తీసుకుని వచ్చాడు. తెల్లగుడ్డ ముందు కాళ్ళు ఎట్లా మడవాలో తెలియక ఇబ్బందిపడ్డాడు. ఆపా వడ్డిస్తూ, "తిను తమ్మీ, ఆటోలో తిరిగి తిరిగి సగమైనవ్" అంది. తలవంచుకుని తిన్నాడు, మూకుడు ఖాళీ చేశాడు. లేచి, చేతులు కడుక్కుని, వంగి ఆపా కాళ్ళకు మొక్కబోయాడు.

"నక్కో, నక్కో బాబా," ఆపా గబగబా వెనక్కి జరిగింది. "మాలో కాళ్ళు మొక్కరు. ఆ వంగుడు పైవానికే." వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు, ఏం చెయ్యాలో తెలియక. ఆపా ముందుకు వచ్చి అతని తల మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

ఇంతే నేను చెప్పదలచుకున్నది. ఇంతసేపూ ఓపికగా విన్నారు. మీ ఇంటి పొయ్యి ఏనాడూ చల్లారకూడదు. మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి, మీ పెద్దల గొంతులో ముద్ద సుఖంగా దిగాలి. మీ ఇంట్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా, పిలవకముందే వచ్చి భుజం పట్టే మనుషులు మీ వాకిట్లో ఉండాలి. పోయి రండి, క్షేమంగా ఉండండి.